అన్నవాహిక లోపంతో పుట్టిన బిడ్డ: వరంగల్ వైపు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

నవజాత శిశువుల వార్డు బయట, మెట్ల మీద, మందుల షాపు ముందు కుటుంబాలు అడిగే ప్రశ్నలివి. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ, నర్సంపేట వైపు నుంచి బిడ్డను తెచ్చినవాళ్లు అడిగిన తీరులోనే ఉంచాం. ఎక్కువ ప్రశ్నలు నానమ్మలవి, అమ్మమ్మలవి. ఎందుకంటే తల్లి ఇంకా కాన్పు మంచం మీదే ఉంటుంది, తండ్రి సంతకాల కోసం తిరుగుతుంటాడు. మీ బిడ్డ విషయంలో చివరి మాట మాత్రం బిడ్డను చూస్తున్న డాక్టర్‌దే.

బిడ్డ పైకి మంచిగానే ఉంది. లోపల ఏం తేడా ఉందంటున్నారు?

గొంతు నుంచి కడుపులోకి పాలు దిగే గొట్టం అన్నవాహిక. దానికి ముందువైపు ఊపిరితిత్తులకు గాలి పోయే శ్వాసనాళం ఉంటుంది. గర్భంలో మొదట ఈ రెండూ ఒకే గొట్టం. పిండానికి నాలుగైదు వారాలున్నప్పుడు రెండుగా విడిపోతాయి. ఆ విడిపోవడంలో తేడా వస్తే అన్నవాహిక పైభాగం ఛాతీలోకి కొంతదూరం దిగి అక్కడే మూసుకుపోతుంది. కడుపు నుంచి పైకి వచ్చే కిందిభాగమేమో దాన్ని కలవకుండా శ్వాసనాళంలోకి తెరుచుకుంటుంది. ఈ లోపమున్న పిల్లల్లో దాదాపు 85 శాతం మందికి ఇదే రకం. కేసు షీటు మీద ‘ఈఏ-టీఈఎఫ్, టైప్ సి’ అని రాసేది దీన్నే.

ప్రమాదం రెండు వైపుల నుంచి వస్తుంది. మింగిన పాలు, ఉమ్మి పోవడానికి దారి లేక పైనుంచి పొంగి ఊపిరితిత్తుల్లో పడతాయి. బిడ్డ ఏడ్చినప్పుడల్లా గాలి కడుపులో నిండి, అక్కడి ఆమ్లం కింది దారిలో నుంచి ఎగదన్ని శ్వాసనాళంలోకి వస్తుంది. ఈ రెండోది పైకి కనిపించదు, కానీ ఎక్కువ హాని చేసేది అదే.

మిగతా రకాలు అరుదు. ఏడెనిమిది శాతం మందిలో అన్నవాహిక తెగి ఉంటుంది కానీ శ్వాసనాళంతో కలవదు. నాలుగు శాతం చుట్టూ పిల్లల్లో అన్నవాహిక బాగానే ఉండి, రెండు గొట్టాల మధ్య సన్నని దారి ఒకటి మిగిలిపోతుంది. ఇది పుట్టగానే తెలియకపోవచ్చు. పాలు తాగిన ప్రతిసారీ దగ్గు, మాటిమాటికీ నిమోనియా అంటూ నెలల తరబడి తిరిగాక బయటపడిన పిల్లలున్నారు.

ఇది ఎంత అరుదు? మా ఊళ్లో ఎవరికీ లేదు.

2,500 నుంచి 4,500 కాన్పులకు ఒకరు. మీ ఊళ్లో లేకపోవచ్చు, కానీ కాన్పులు ఎక్కువగా జరిగే పెద్ద ఆసుపత్రుల్లో సిబ్బందికి ఇది కొత్త విషయం కాదు.

టిఫా స్కాన్ చేయించాం. అందులో ఎందుకు కనిపించలేదు?

స్కాన్ చేసినవాళ్ల తప్పని వెంటనే అనుకోకండి. అన్నవాహిక స్కాన్‌లో నేరుగా కనిపించడం కష్టం. కడుపు బుడగ చిన్నగా ఉండటం లేదా కనిపించకపోవడం, ఉమ్మనీరు మామూలుకన్నా ఎక్కువ ఉండటం లాంటి గుర్తులను బట్టి అనుమానించాలి. టైప్ సిలో కింది దారి గుండా ఉమ్మనీరు కడుపులోకి కొంత చేరుతుంది కాబట్టి బుడగ మామూలుగానే కనిపించవచ్చు. పైగా టిఫా చేసేది 18 నుంచి 22 వారాల మధ్య, ఉమ్మనీరు పెరిగేదేమో చాలావరకు ఆ తర్వాత. పెద్ద దేశాల్లో కూడా సగానికి పైగా పిల్లల్లో పుట్టాకే తెలుస్తోంది.

ఏడో నెల తర్వాత స్కాన్‌లో ‘ఉమ్మనీరు ఎక్కువ’ అని రాస్తే మాత్రం ఆ కాగితాన్ని ఫైల్‌లో అడుగున పెట్టి మరచిపోవద్దు. దానికి షుగర్ లాంటి ఇతర కారణాలూ ఉంటాయి. అయినా కాన్పు చేసే డాక్టర్‌కు చూపించి, పిల్లల సర్జరీ సౌకర్యం దగ్గర్లో ఉన్నచోట కాన్పుకు ఏర్పాటు చేసుకోవచ్చా అని అడగండి.

పుట్టగానే ఎలా గుర్తుపడతారు?

నోట్లో నురగ. తెల్లగా, బుడగలు బుడగలుగా వస్తుంది, తుడిస్తే మళ్లీ వస్తుంది. మామూలు బిడ్డకూ పుట్టిన కాసేపు కొంత ఉమ్మి వస్తుంది కానీ ఇంత విడవకుండా రాదు. పాలు పట్టగానే ఉక్కిరిబిక్కిరై దగ్గడం, పెదాలు నీలంగా మారడం తర్వాతి గుర్తులు. అసలు పాలు పట్టకముందే, నురగ దగ్గరే గుర్తుపడితే బిడ్డకు సగం మేలు జరిగినట్టే.

పరీక్ష చాలా సులువు. కాస్త గట్టిగా ఉండే సన్నని ట్యూబును నోటి నుంచి కడుపులోకి పంపి చూస్తారు. ఈ పిల్లల్లో అది పెదవి నుంచి 10 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది, ఎంత నెట్టినా దిగదు. మరీ మెత్తటి ట్యూబు అయితే పై సంచిలోనే చుట్టలు చుట్టుకుని లోపలికి పోయినట్టు మోసం చేస్తుంది. అందుకే ట్యూబు ఉంచి ఎక్స్‌రే తీస్తారు. ట్యూబు ఛాతీ పైభాగంలో మెలికపడి, కడుపులో గాలి కనిపిస్తే విషయం దాదాపు తేలినట్టే. గాలి లేకపోతే శ్వాసనాళంతో కలవని రకమని అనుమానిస్తారు. దీనికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. ఏరియా ఆసుపత్రిలో కూడా నర్సు ఐదు నిమిషాల్లో చేయగలదు.

ఇంటి పెద్దలకు ఒక మాట. పుట్టగానే తేనె నాకించడం, చక్కెర నీళ్లు, ఆముదం చుక్క వేయడం మన వైపు ఇంకా పోలేదు. ఏ బిడ్డకైనా ఇవి వద్దు. ఈ లోపమున్న బిడ్డకైతే ఆముదం చుక్క నేరుగా ఊపిరితిత్తిలోకి పోతుంది, నూనె అక్కడి నుంచి తొందరగా బయటికి రాదు. ప్రేమతో చేసే పనే, కాదనం. కానీ నురగ కనిపిస్తున్న బిడ్డ నోట్లో డాక్టర్ చూసేదాకా ఏమీ పెట్టకండి.

హైదరాబాద్ తీసుకెళ్లమన్నారు. దారిలో బిడ్డకు ఏమైనా అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే టైమ్ ఉంటే ఇది చదవండి. బిడ్డ బతుకు చాలావరకు ఈ కొన్ని గంటల్లోనే తేలుతుంది. వరంగల్ నుంచి హైదరాబాద్ దాదాపు 150 కిలోమీటర్లు. ఏటూరునాగారం నుంచైతే వరంగల్ చేరడానికే రెండు గంటలకు పైగా పడుతుంది. దూరాన్ని మనం తగ్గించలేం, ఆ దూరంలో బిడ్డ ఏ స్థితిలో ఉంటుందన్నది మాత్రం మన చేతుల్లో ఉంది.

పాలు, నీళ్లు ఏవీ పట్టొద్దు. బిడ్డకు కావాల్సిన గ్లూకోజు నరం ద్వారా ఎక్కిస్తారు. తల, ఛాతీ ఎత్తుగా ఉండాలి, దాంతో ఆమ్లం పైకి ఎగదన్నదు. పై సంచిలో చేరే ఉమ్మిని ఐదు పది నిమిషాలకోసారి సక్షన్‌తో తీయాలి. బండిలో సక్షన్ మెషిన్ పనిచేస్తోందా అని కదిలేముందే చూడమనండి. ‘ఉంది’ అన్న మాట చాలదు, ఆన్ చేసి చూపించమని అడగడంలో తప్పులేదు.

వెచ్చదనం సంగతి మనవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. డిసెంబరు రాత్రి, కిటికీ అద్దం సరిగా మూసుకోని బండిలో రెండు కిలోల బిడ్డ గంటలో చల్లబడిపోతుంది. చల్లబడిన బిడ్డకు మత్తు ఇవ్వరు, ముందు వేడెక్కించాలి. టోపీ, సాక్సులు వేసి, పొడి గుడ్డలో చుట్టండి. డాక్టర్ సరేనంటే తండ్రైనా అమ్మమ్మైనా ఛాతీకి హత్తుకుని నిటారుగా పట్టుకోవచ్చు. చర్మానికి చర్మం తగిలితే వేడి నిలుస్తుంది. పాదాలు ముట్టుకుంటూ ఉండండి, బిడ్డ చల్లబడుతుంటే మొదట చెప్పేది అవే.

ఆక్సిజన్ ఇవ్వడం మంచిదే. మాస్కు, సంచితో గాలి కొట్టడం మాత్రం ఊపిరి ఆగిపోతేనే చేస్తారు. ఎందుకంటే ఆ గాలి కింది దారిలో కడుపులోకి పోయి, పొట్ట ఉబ్బి, ఊపిరి ఇంకా కష్టమవుతుంది.

వెంట తీసుకెళ్లాల్సినవి: ఎక్స్‌రే, స్కాన్ రిపోర్టులు, పుట్టిన టైమ్, బరువు రాసిన రెఫరల్ చీటీ, రక్తం సరిచూడటానికి తల్లి రక్త నమూనా, సంతకం పెట్టగలిగే తండ్రి. 108కు ఫోన్ చేసినప్పుడు నవజాత శిశువుల పరికరాలున్న బండి కావాలని ముందే చెప్పండి. నెలలోపు జబ్బు చేసిన బిడ్డను ప్రభుత్వ ఆసుపత్రికి తరలించడం జననీ శిశు సురక్ష పథకం కింద 2011 నుంచి ఉచితం.

నేరుగా హైదరాబాద్ పోవాలా, వరంగల్‌లో ఆగాలా?

వరంగల్ ఎంజీఎంలో నవజాత శిశువుల యూనిట్ ఉంది. హైదరాబాద్ నిలోఫర్‌లో పిల్లల సర్జరీ విభాగం ఉంది. బిడ్డ ఊపిరి ఇబ్బందిగా ఉంటే దగ్గరి యూనిట్‌లో ఆగి, కుదుటపరచుకుని పోవడమే మంచిది. బిడ్డ నిలకడగా ఉంటే పంపే డాక్టర్ చేతనే అవతలి ఆసుపత్రికి ఫోన్ చేయించండి. బెడ్డు, వెంటిలేటర్, పిల్లల సర్జన్ ఈ రోజు ఉన్నారా అని. ఫోన్ లేకుండా బయల్దేరి, ఒక గేటు నుంచి ఇంకో గేటుకు తిరిగితే పోయేది బిడ్డ ఊపిరితిత్తులే.

తీసుకొచ్చి ఆరు గంటలైంది. ఇంకా ఆపరేషన్ చేయడం లేదేంటి?

పట్టించుకోవడం లేదని అనుకోవద్దు. ఈ ఆపరేషన్ తొందరగా కావాలి కానీ చాలామందికి అర్ధరాత్రి పరుగెత్తి చేయాల్సింది కాదు. బిడ్డను వెచ్చబరిచి, ఉమ్మి తీస్తూ, నిమోనియా ఉంటే మందులు పెట్టి, గుండె చూసి ఒకటి రెండు రోజుల్లో చేస్తారు. వెంటిలేటర్ మీద ఉన్న నెలతక్కువ బిడ్డకు గాలంతా కడుపులోకి పోతుంటే మాత్రం ఆగరు.

గుండెకు, కిడ్నీలకు కూడా స్కాన్ ఎందుకు? డబ్బు కోసమా?

కాదు. ఈ పిల్లల్లో సగం మందికి ఇంకో లోపం ఏదో ఒకటి ఉంటుంది. గుండె లోపాలే ఎక్కువ, ఆ తర్వాత వెన్నుపూసలు, మలద్వారం, కిడ్నీలు, చేతి ఎముకలు. గుండె ఎకో ఆపరేషన్‌కు ముందే కావాలి. గుండెలో తేడా ఉంటే మత్తు ఇచ్చే పద్ధతి మారుతుంది. పెద్ద రక్తనాళం కుడివైపుకు తిరిగి ఉంటే సర్జన్ ఏ పక్క నుంచి కోయాలో కూడా మారవచ్చు.

ఎంత శాతం గ్యారంటీ సార్?

అందరూ అడిగేది ఇదే. ఒక్క అంకె చెప్పి పంపేవాళ్లను నమ్మకండి. రెండు విషయాలు తెలియకుండా ఆ అంకెకు అర్థం లేదు: బిడ్డ బరువు ఎంత, గుండెలో పెద్ద లోపం ఉందా.

లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆసుపత్రిలో సర్జన్ లూయిస్ స్పిట్జ్ బృందం 1994లో తమ పిల్లల లెక్కలు మూడు గుంపులుగా చూపింది. బరువు 1,500 గ్రాములకు పైగా ఉండి గుండె బాగున్నవారిలో 97 శాతం బతికారు. బరువు తక్కువ లేదా గుండెలో పెద్ద లోపం, రెండింట్లో ఒకటి ఉన్నవారిలో 59 శాతం. రెండూ ఉన్నవారిలో 22 శాతం. అదే ఆసుపత్రి 2006లో మళ్లీ లెక్క చూస్తే అవి దాదాపు 98, 82, 50 అయ్యాయి. మొదటి గుంపు అప్పటికే బాగుంది. మిగతా రెండు గుంపుల్లో మార్పు తెచ్చింది కత్తి ఒక్కటే కాదు, నవజాత శిశువుల వార్డు, మత్తు, గుండె వైద్యం కూడా.

అవి లండన్ లెక్కలు. మన పరిస్థితికి దగ్గరి లెక్క కావాలంటే 2021లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం చూడాలి. 74 దేశాల్లోని 264 ఆసుపత్రుల్లో, ఈ లోపంతో సహా పుట్టుకతో వచ్చే ఏడు రకాల జీర్ణకోశ లోపాలున్న పిల్లలను చూశారు. ధనిక దేశాల్లో 5.6 శాతం మంది చనిపోయారు. మనలాంటి మధ్య ఆదాయ దేశాల్లో 20.4 శాతం, పేద దేశాల్లో 39.8 శాతం. పుట్టిన లోపం ఒకటే, పుట్టిన చోటు వేరు.

ఈ లెక్కల్లో కూడా చేరనివాళ్లున్నారు. దారిలోనే పోయినవాళ్లు, గుర్తుపట్టకముందే ‘పాలు పడలేదు’ అని ఇంట్లో పోయినవాళ్లు ఏ ఆసుపత్రి రిజిస్టర్‌లోనూ ఉండరు. అలాగే, బాగా చెడిపోయిన బిడ్డలను చేర్చుకోకుండా పంపేసే ఆసుపత్రి శాతం అందంగా కనిపిస్తుంది. ఎవరినీ కాదనకుండా చేర్చుకునే ప్రభుత్వ ఆసుపత్రి శాతం తక్కువగా కనిపిస్తుంది. అంకె చూసి ఎవరు మంచి డాక్టరో తేల్చడం అంత సులువు కాదు.

మన దేశంలో ఈ పిల్లలు చనిపోవడానికి డాక్టర్లు ఎక్కువగా చెప్పే కారణాలు ఆలస్యంగా చేరడం, అప్పటికే పట్టిన నిమోనియా, రక్తంలో ఇన్ఫెక్షన్. కుట్టు చేతకాక కాదు. రెండున్నర కిలోల బరువుతో, గుండె బాగుండి, పాలు పట్టకుండా, వెచ్చగా మొదటి రోజే చేరిన బిడ్డ ఇంటికి వెళ్లే అవకాశాలు మన దగ్గర కూడా చాలా బాగుంటాయి.

ఆసుపత్రిని మేం ఏం అడగొచ్చు? అడిగితే కోప్పడతారా?

అడగండి. మా బిడ్డ ఏ గుంపులోకి వస్తుంది? ఇలాంటి కేసులు ఇక్కడ ఏడాదికి ఎన్ని చేస్తారు? ఆపరేషన్ తర్వాత రాత్రిపూట ఒక్కో నర్సుకు ఎంతమంది పిల్లలు? మా దృష్టిలో మూడో ప్రశ్నే ముఖ్యమైనది. ఆపరేషన్ మూడు నాలుగు గంటల్లో అయిపోతుంది, కాపాడుకోవాల్సింది ఆ తర్వాతి పది రాత్రులు.

ఆపరేషన్‌లో ఏం చేస్తారు? తర్వాత ఎన్ని రోజులు?

మామూలుగా కుడి పక్క, పక్కటెముకల మధ్య నుంచి లోపలికి వెళ్తారు. శ్వాసనాళంతో కలిసిన దారిని తెంచి మూసేసి, అన్నవాహిక రెండు కొసలను కలిపి కుడతారు. ఒకే ఆపరేషన్‌లో ఇలా కలిపి బిడ్డను బతికించడం మొదటిసారి 1941లో అమెరికాలోని మిషిగన్‌లో కామెరాన్ హైట్ చేశారు. కొన్నిచోట్ల ఇప్పుడు కెమెరాతో చిన్న రంధ్రాల ద్వారా చేస్తున్నారు. అది లేదని బాధపడనక్కర్లేదు, చేతికి అలవాటైన పద్ధతే మంచి పద్ధతి.

తర్వాత ముక్కులో నుంచి కుట్టు దాటి కడుపు దాకా సన్నని ట్యూబు, పక్కటెముకల దగ్గర ఇంకో ట్యూబు ఉంటాయి. ముక్కు ట్యూబు ఊడిపోకుండా చూడటం అందరి పని. అది ఊడితే గుడ్డిగా మళ్లీ వేయకూడదు, కుట్టు చిరుగుతుంది. మంచి వార్డుల్లో ఉయ్యాలకు ఒక చీటీ కట్టి ఉంటుంది: సక్షన్ గొట్టం ఎన్ని సెంటీమీటర్ల దాకానే పోవాలో అందులో రాస్తారు, ఆ కొలత దాటితే కుట్టుకు తగులుతుందని. మెడ వెనక్కి వాల్చి ఎత్తుకోవద్దనేది కూడా అందుకే.

వారం చుట్టూ రంగు మందు మింగించి ఎక్స్‌రే తీస్తారు. కారడం లేకపోతే నోటితో పాలు మొదలవుతాయి. పక్క ట్యూబులో ఉమ్మి కనిపిస్తే కుట్టు దగ్గర లీక్ ఉన్నట్టు. పది ఇరవై శాతం మందిలో ఇలా జరుగుతుంది. చాలావరకు చిన్న లీకులు మళ్లీ కోయకుండానే, మందులతో, ఓపికతో మానిపోతాయి. అన్నీ సవ్యంగా సాగితే రెండు మూడు వారాల్లో ఇల్లు.

రెండు కొసలూ అందలేదు, మెడ దగ్గర రంధ్రం పెట్టారు. ఇక అంతేనా?

కాదు. దూరం ఎక్కువున్నప్పుడు ఉమ్మి బయటికి పోవడానికి మెడ దగ్గర దారి, పాలకు పొట్ట మీద ట్యూబు పెడతారు. బిడ్డ పెరిగాక కడుపును పైకి లాగి గానీ, పెద్దపేగు ముక్కతో గానీ అన్నవాహిక చేస్తారు. కొన్ని కేంద్రాల్లో దారి తీయకుండా, కొన్ని వారాలు ఆగి కొసలు దగ్గరపడ్డాక కలుపుతారు. ఇంట్లో చూసుకునే నెలలు కష్టమే. పొట్ట ట్యూబులో పాలు పోసే ప్రతిసారీ నోటికి కూడా కొద్దిగా రుచి చూపించండి, అది మెడ రంధ్రం నుంచి బయటికి వచ్చేస్తుంది, గుడ్డ పెట్టుకోండి. ఇలా చేయకపోతే ఏడాది తర్వాత బిడ్డ మింగడమే నేర్చుకోదు.

తల్లి పాలు ఆరిపోతాయేమో?

మొదటి రోజు నుంచే రెండు మూడు గంటలకోసారి పిండాలి. ఆపరేషన్ తర్వాత రెండు మూడు రోజుల్లో ట్యూబు ద్వారా పట్టేది ఆ పాలే. బాలింతను దూరంగా ఊళ్లో వదిలేసి రాకండి.

ఖర్చు?

రేషన్ కార్డున్న కుటుంబాలకు ఆరోగ్యశ్రీ కింద పిల్లల సర్జరీల్లో ఇది ఉంది. పథకం పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. బిడ్డ పేరు కార్డులో ఇంకా ఉండదు కాబట్టి తల్లి ఆధార్, కార్డు, కాన్పు అయిన ఆసుపత్రి ఇచ్చిన కాగితం పట్టుకుని ఆసుపత్రిలో ఈ పథకం పని చూసే ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్లండి. సందేహముంటే 104కు ఫోన్ చేయండి.

ఇంటికి వచ్చాక కుక్క మొరిగినట్టు దగ్గుతోంది. మళ్లీ నిమోనియానా?

ఆ దగ్గు ఈ పిల్లల్లో మామూలే. శ్వాసనాళం గోడ మెత్తగా ఉండి ఊపిరి వదిలేటప్పుడు ముడుచుకుంటుంది. పెరిగేకొద్దీ గట్టిపడుతుంది. జ్వరం, ఎగశ్వాస, పాలు తాగుతూ నీలంగా మారడం ఉంటే మాత్రం ఇంట్లో ఆగొద్దు. కొద్దిమందిలో మూసిన దారి మళ్లీ తెరుచుకుంటుంది. టీకాలు వాయిదా వేయకండి. నిమోనియా టీకా పీసీవీ 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు ప్రభుత్వమే ఉచితంగా వేస్తుంది.

పాలు తాగడానికి ఇదివరకు పావుగంట పట్టేది, ఇప్పుడు ముప్పావుగంట పడుతోంది.

ఇది గమనించారంటే మంచి పని చేశారు. కుట్టిన చోట గుడ్డ ముడతపడ్డట్టు సన్నబడుతుంది. మూడో వంతు పిల్లలకు, కొన్ని లెక్కల్లో ఇంకా ఎక్కువమందికి ఇలా అవుతుంది. ఉమ్మి కారడం, పాలు వెనక్కి రావడం, బరువు పెరగకపోవడం తర్వాతి గుర్తులు. బెలూన్‌తోనో సన్నని కడ్డీలతోనో వెడల్పు చేస్తారు. ఒక్కసారితో అయిపోవచ్చు, చాలాసార్లు పట్టవచ్చు. ‘మళ్లీ మళ్లీ రమ్మంటున్నారు’ అని మధ్యలో మానేసిన కుటుంబాల పిల్లలే బరువు తగ్గి, ఎముకల గూడై తిరిగి వస్తారు. బస్సు ఛార్జీలు, కూలి పోవడం ఎంత భారమో మాకు తెలుసు. అయినా ఈ రాకపోకలు ఆపరేషన్‌లో భాగమే అనుకోండి.

ఏం పెట్టాలి, ఏం పెట్టొద్దు?

ఆరు నెలలకు అందరి పిల్లల్లాగే మొదలుపెట్టండి. పలుచని ఉగ్గు, రాగి జావ, పప్పు కట్టు, మెత్తగా చేసిన గటక. భయంతో రెండేళ్ల దాకా పాల మీదే ఉంచితే నమలడం రాదు. గట్టి తిండికి వచ్చాక నిదానంగా, కూర్చోబెట్టి, మధ్య మధ్యలో నీళ్లు తాగిస్తూ పెట్టండి. ఇరుక్కునేవి మటన్ ముక్క, బ్రెడ్డు ముద్ద, పొడి జొన్నరొట్టె, ఆపిల్ ముక్క, బత్తాయి తొన, పల్లీలు. సకినాలు పెద్దయ్యాక, నమలడం బాగా వచ్చాక. మొక్కు తీర్చుకుని మేడారం నుంచి తెచ్చిన బంగారం, అంటే బెల్లం, ఏడాది దాటాక నీళ్లలో కరిగించి పెట్టండి, గడ్డగా వద్దు.

ఏదైనా ఇరుక్కుని ఉమ్మి కూడా మింగలేకపోతే, వేలు పెట్టి తోయకుండా ఆసుపత్రికి తీసుకురండి.

గ్రహణం రోజు కోడలు బయటికి వచ్చింది. అందుకేనా?

కాదు. ఈ లోపం ఏర్పడేది పిండానికి నాలుగైదు వారాలప్పుడు. అప్పటికి చాలామందికి కడుపుతో ఉన్నట్టే సరిగ్గా తెలియదు. కోడలు తిన్నదీ, నడిచిందీ, చూసిందీ కారణం కాదు. ఆ పిల్లను ఏమీ అనకండి, ఆమె కుట్లు కూడా ఇంకా మానలేదు.

మళ్లీ కాన్పులో వస్తుందా?

అవకాశం నూటికి ఒకటి చుట్టూ. బిడ్డకు జన్యు పరీక్షలో ఏదైనా తేలితే లెక్క మారుతుంది. ఫోలిక్ యాసిడ్ వేసుకోండి, అది వెన్ను లోపాలు రాకుండా ఉండటానికి. దీన్ని ఆపుతుందని రుజువు లేదు. ఈసారి స్కాన్ చేసేవాళ్లకు మొదటి బిడ్డ సంగతి ముందే చెప్పండి.

మా వాడికి ఐదేళ్లు. అన్నీ తింటున్నాడు, బడికి పోతున్నాడు. ఇంకా చెకప్ దేనికి?

సగం మంది పిల్లల్లో కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్నుతూనే ఉంటుంది. గుండెల్లో మంట అని చెప్పడం పిల్లలకు రాదు, అలవాటైపోతుంది. ఏళ్ల తరబడి అలాగే ఉంటే అన్నవాహిక లోపలి పొర మారిపోతుంది. 2016లో యూరప్, ఉత్తర అమెరికా పిల్లల జీర్ణకోశ వైద్యుల సంఘాలు ఇచ్చిన సూచన ప్రకారం మొదటి ఏడాది ఆమ్లం తగ్గించే మందు ఇస్తారు. ఇబ్బందేమీ లేకపోయినా మూడుసార్లు ఎండోస్కోపీ చేయించాలి: ఆ మందు మానేశాక ఒకసారి, పదేళ్లలోపు ఒకసారి, పెద్దల డాక్టర్ దగ్గరికి మారేటప్పుడు ఒకసారి. ఛాతీ కోసిన పక్క వెన్ను వంగుతోందేమో కూడా ఏటా చొక్కా విప్పి చూడాలి. ఆపరేషన్ కాగితాలు లామినేషన్ చేయించొద్దు, లోపలి పేజీలు చదవడం కుదరదు. అన్ని పేజీలూ ఫోన్‌లో ఫొటో తీసి, కాగితాలు ఫైల్‌లో పెట్టి, ఎండోస్కోపీకి వచ్చేటప్పుడు రెండూ తీసుకురండి.